తోడల్లుడు ప్రసాదం వద్దన్నాడని నోరు జారాను, ఇప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడట్లేదు

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్ళు. సొంతూరు రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో. మా వదిన అంటే మా ఆవిడ వాళ్ళ అక్క, మా తోడల్లుడు ఆరేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ నమ్మకం ఏంటో తెలుసుకుందామని రెండేళ్ళుగా ఆన్‌లైన్‌లో హిందూ క్రైస్తవ డిబేట్లు, ముస్లింలతో జరిగేవి కూడా రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా వింటున్నా, ఈమధ్య నేనూ మాట్లాడుతున్నా. మొన్న మా గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతం అయ్యాక మా అత్తగారు ప్రసాదం పెట్టబోతే ఆయన దండం పెట్టి వద్దన్నాడు. "విగ్రహం వట్టిదని మీ పౌలే రాశాడుగా, మొదటి కొరింథీ ఎనిమిది నాలుగు, వట్టిదే అయితే తినడానికి భయమెందుకు" అని అందరి ముందూ అడిగేశా. ఇంకో నాలుగు కూడా అన్నా. ఆయన భోంచెయ్యకుండా వెళ్ళిపోయాడు. మూడు వారాలైంది, మా ఆవిడ నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది, అత్తగారేమో ప్రసాదం కాదన్నారు ఏం కీడు జరుగుతుందో అని ఏడుపు. మా తొమ్మిదేళ్ళ బాబు "పెదనాన్న చెడ్డవాడా" అని అడుగుతున్నాడు. నేను అన్నది వాళ్ళ గ్రంథంలో ఉన్నదే. నిజం చెప్పాలంటే అది వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసు. నా తప్పేంటి?

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివానండీ. అందులో అధ్యాయం నంబరుంది, వాక్యం నంబరుంది, డిబేట్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుందో కూడా ఉంది, కానీ మీ తోడల్లుడు అసలు ఎందుకు అటు వెళ్ళాడో ఒక్క ముక్క లేదు. ఆరేళ్ళండీ. పండక్కీ పబ్బానికీ ఒకే ఇంట్లో పక్కపక్కన పడుకుని లేచే మనుషులు మీరు. ఒంట్లో బాగోక వెళ్ళాడా, చేతిలో పైసా లేనప్పుడు ఎవరైనా వచ్చి పక్కన నిలబడ్డారా, చదివి నచ్చి వెళ్ళాడా, మీ వదిన ముందు వెళ్తే ఆవిడ వెనకాల వెళ్ళాడా, ఏదైనా మీకు తెలిసుంటే రాసేవాళ్ళే కదా. "వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసు" అన్నారు చూడండి, నేను అక్కడ కాసేపు ఆగిపోయా.

సరే, మీకు బాగా తెలిసిన చోటికే వద్దాం. నాలుగో వాక్యంలో ఆ మాట ఉంది, కాదనను. కానీ మొదటి కొరింథీ అంటే తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన ఉత్తరం, బైబిల్లో ఉంటుంది, కొరింథు అనే గ్రీకు పట్నంలో ఉన్నవాళ్ళకి రాసింది, చుట్టూ గుళ్ళు, బజార్లో అమ్మే మాంసంలో గుళ్ళో బలిచ్చింది కూడా కలిసే ఉండేది, అది తినొచ్చా కూడదా అని కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు తర్జనభర్జన పడుతుంటే వాళ్ళకి చెప్పిన జవాబు అది. అదే అధ్యాయం చివర్లో, 13వ వాక్యంలో, నా తిండి వల్ల నా తోటివాడు తడబడతాడంటే నేను అసలు మాంసమే ముట్టను అంటాడు పౌలు. పదో అధ్యాయం 27, 28 తీసి చూడండి. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆరాలు తియ్యకుండా పెట్టింది తినండి, కానీ ఇది అర్పించినది అని ఎవరైనా మీతో చెప్తే మాత్రం, చెప్పినవాళ్ళ కోసం, మనస్సాక్షి కోసం తినొద్దు అని ఉంటుంది. మీ అత్తగారు ఏమని ఇచ్చుంటారు, "స్వామివారి ప్రసాదం నాయనా" అనే కదా. అంటే మీ ఇంట్లో ఆయన చేసిన పని, మీరు ఆయన మీదికి విసిరిన ఉత్తరంలోనే రెండధ్యాయాల అవతల ఉంది. మీరు వినే డిబేట్లలో అక్కడిదాకా ఎందుకు వెళ్ళరంటే, ఎదుటివాడిని ఇరికించడానికి నాలుగో వాక్యం చాలు కాబట్టి.

ఆయన ఆ వాక్యం గుర్తొచ్చే వద్దన్నాడని నేను అనట్లేదు, నాకేం తెలుసు. నాకు తెలిసిన క్రైస్తవ కుటుంబాల్లోనే ప్రసాదం పెడితే మామూలు స్వీటు తిన్నట్టు తినేసేవాళ్ళున్నారు, నొప్పించడం ఎందుకని తీసుకుని బయటికెళ్ళాక పిల్లలెవరికైనా ఇచ్చేసేవాళ్ళున్నారు, ససేమిరా అనేవాళ్ళూ ఉన్నారు. బొట్టు పెట్టుకునేవాళ్ళు, పెట్టుకోనివాళ్ళు, పెంతెకొస్తుల్లో అయితే ఒంటిమీద నగే వద్దనేవాళ్ళు, వీళ్ళందరి దగ్గరా ఉన్నది ఒకటే బైబిలు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదలలో మేరీమాత ఉత్సవాలు జరుగుతాయి, ఒకసారి వెళ్ళి చూడండి, అక్కడ తలనీలాలు ఇచ్చేవాళ్ళు కనిపిస్తారు, కొండ ఎక్కేవాళ్ళలో హిందువులూ ఉంటారు. ఇది ఏ అధ్యాయంలో ఉంది అని మీ లైవ్‌లో అడిగితే ఇద్దరు ముగ్గురు కలిసి అక్కడ తలనీలాలిచ్చిన ఏ ముసలమ్మనైనా ఏడిపించేస్తారు, ఆవిడ మొక్కు ఏంటో మాత్రం ఒక్కరూ అడగరు.

మన వైపు చూసినా అంతే కదండీ, నిష్ఠగా ఉండే శ్రీవైష్ణవుల్లో కొందరు వేరే దేవతల ప్రసాదం పుచ్చుకోరు, వాళ్ళు వద్దంటే "వారి పద్ధతి అది" అని మనమే సర్ది చెప్పుకుంటాం, నోట్లో వేలు పెట్టి ఎందుకు తినవని అడగం.

ఇప్పుడు మీ కోపం సంగతి. మీరు రాయలేదు గానీ రెండేళ్ళు ఆ లైవ్‌లు విన్న మనిషికి ఒళ్ళు మండకుండా ఉండదు. రాళ్ళకి మొక్కేవాళ్ళు అనే మాట ఎన్నిసార్లు విన్నారో. మీ ఇంట్లో మొన్న జరిగిందేంటి, కలశంలోకి స్వామిని ఆవాహన చేశారు, పూజ చేశారు, కథ విన్నారు, చివర్న ఉద్వాసన చెప్పారు. వినాయక చవితికి అదే మట్టిని పూజించి అదే చేతులతో నీళ్ళలో కలుపుతాం. రాయీ మట్టీ అని ఊరుకునేవాడికి ఈ పిలవడం, సాగనంపడం అన్న సంగతే తెలియదు, తెలుసుకోవాలని లేదు కూడా, అందుకే మీకు అంత మంట. మరి ఆ మాట అన్నవాడికి మన పూజ గురించి ఎంత తెలుసో మీకు మీ తోడల్లుడి ప్రార్థన గురించి అంతే తెలుసండీ, ఇది కొంచెం గట్టిగా అంటున్నా, ఏమనుకోవద్దు. ఇంకోటి, ఆ మాట అన్నది ముక్కూ మొహం తెలియని ఎవడో, అదీ అర్ధరాత్రి. జవాబు పడింది మాత్రం మీ ఇంటికి కొత్తబట్టలు పట్టుకొచ్చిన మనిషికి. ఆయన ఏనాడైనా మీ దేవుణ్ణి ఒక మాట అన్నాడా? అని ఉంటే అదీ రాసేవాళ్ళు మీరు.

నా సంగతి ఒకటి చెప్తా, మిమ్మల్ని అని నేను పెద్ద తెలిసినదాన్నని కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో రంజాన్ నెలలో ఒక ముస్లిం ఆవిడ కౌన్సెలింగ్‌కి వచ్చేది. నేను ముందురోజు రాత్రి ఇంటర్నెట్‌లో రోజా అంటే ఆ నెల ఉపవాసం గురించి అంతా చదివి పెట్టుకుని, ఆవిడ వచ్చేసరికి టేబుల్ మీద మంచినీళ్ళ సీసా కూడా తీసేసి, నేనూ టీ మానేసి కూర్చున్నా. ఆవిడ అరగంట మాట్లాడి "అమ్మా టీ ఏమైనా దొరుకుతుందా" అంది. నేను బిత్తరపోయా. అప్పుడు చెప్పింది, నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు రోజా ఉండరట, ఆ రోజులు లెక్కపెట్టుకుని రంజాన్ అయ్యాక తీర్చుకుంటారట, కానీ ఇంట్లో మామగారు మరుదులు ఉంటారు కదా, వాళ్ళ ముందు తింటే తెలిసిపోతుందని సిగ్గు, అందుకని పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. నేను చదివినదాంట్లో మినహాయింపులు అన్నీ ఉన్నాయి, ఆవిడ గోడవైపు తిరిగి టీ తాగడం మాత్రం లేదు. ఆవిడ కష్టం సగం అక్కడే ఉంది, నేనేమో సీసా దాచి గొప్పగా కూర్చున్నా.

అందుకని డిబేట్లు పాపం అనను. రెండేళ్ళలో మీకు పేర్లు తెలిశాయి, ఎక్కడ ఏం వెతకాలో తెలిసింది, అది ఊరికే పోదు. చిలుకూరి నారాయణరావు గారు హిందూ పండితుడై ఉండి ఖురాన్‌ని తెలుగు చేశారు, ఎదుటివాళ్ళ గ్రంథాన్ని మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా మన భాషలో పెట్టాలంటే ఎంత ఓపికగా వినాలో ఆలోచించండి. ఆన్‌లైన్‌లోనే ఉండాలనుకుంటే ఉండండి, కానీ మనవాళ్ళు వాళ్ళని ఓడించేవి కాదు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవి వినండి. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వొచ్చా లేక పెద్దయ్యాక నీళ్ళలో ముంచాలా, ఆరాధన శనివారమా ఆదివారమా, ఇలాంటివాటి మీద వాళ్ళకే బోలెడు వాదనలు ఉన్నాయి, అవి వింటే ఎవరికి ఏది ప్రాణమో తెలుస్తుంది. మీరు మాట్లాడే పని మాత్రం ఒక రెండు నెలలు ఆపండి. పదకొండుకి ఫోను పక్కన పెట్టండి, ఇది మతం కోసం కాదు, నిద్ర కోసం, మూడేసి గంటలు తిట్లు విని పడుకున్న మనిషి పొద్దున ఎలా లేస్తాడో మీ ఆవిడని అడగండి చెప్తుంది.

మీ ఆవిడ ముభావంగా ఉందంటే ఆవిడకి పౌలు మీద కోపం లేదండీ. అక్క తనకి లేకుండా పోతుందేమో అని భయం. అమ్మ పెద్దదైపోతోంది, రేపు పుట్టిల్లంటే అక్కే కదా. ముందు ఆవిడ దగ్గర ఒప్పుకోండి. "నేనన్నది నిజమే గానీ" అని మొదలుపెట్టారా, అక్కడితో సరి, గానీ లేకుండా చెప్పండి.

తర్వాత మీ తోడల్లుడికి ఫోన్. వాట్సాప్ మెసేజ్ వద్దు, ఫ్యామిలీ గ్రూప్‌లో అసలు వద్దు, వీలైతే ఇంటికే వెళ్ళండి. "అన్నయ్యా, మా ఇంటికొచ్చి అన్నం తినకుండా వెళ్ళేట్టు చేశా, తప్పు నాది" అని అంతవరకే చెప్పి ఊరుకోండి, ఆ రోజే చర్చ పెట్టొద్దు. నెలో రెండు నెలలో పోయాక, మనసు కుదుటపడ్డాక, అడగండి. మీరు అన్ని డిబేట్లు విన్నారు కాబట్టి సాక్ష్యం అనే మాట తెలిసే ఉంటుంది, తాను ఎందుకు విశ్వాసంలోకి వచ్చిందీ పదిమందికీ చెప్పుకోవడం. "నీ సాక్ష్యం నేనెప్పుడూ వినలేదన్నయ్యా" అనండి. ఆయన చెప్తుంటే మధ్యలో రిఫరెన్సులు అందించకండి, దండం పెడతా. ఒకవేళ ఆయన సందు దొరికింది కదా అని మిమ్మల్ని కూడా రమ్మని మొదలుపెడితే, "వినడానికి వచ్చా, మారమని మాత్రం అడగొద్దు" అని నవ్వుతూనే గట్టిగా చెప్పండి, మీ దేవుణ్ణి తక్కువ చేసి మాట్లాడితే అప్పుడు అభ్యంతరం చెప్పే హక్కు మీకు పూర్తిగా ఉంది. పడి ఉండమని కాదు నేను చెప్పేది.

అత్తగారి భయాన్ని చాదస్తం అని కొట్టిపారెయ్యకండి, ఆవిడ విన్న సత్యనారాయణ వ్రత కథలోనే ఉంది అది. కళావతి ప్రసాదం తినకుండా మొగుడి కోసం పరిగెత్తితే పడవ మునిగింది, తుంగధ్వజుడనే రాజు గొల్లలు ఇచ్చిన ప్రసాదం వదిలేసి వెళ్తే వందమంది కొడుకులూ పోయారు, ఏళ్ళ తరబడి అక్షింతలు పట్టుకుని ఇది విన్న మనిషి అల్లుడు వద్దంటే వణకదా? కానీ ఆ రాజుది గర్వం, వీళ్ళు పెడితే నేను తినాలా అని. మీ తోడల్లుడు దండం పెట్టి వద్దన్నాడు. ఈ తేడా నేను చెప్తే ఆవిడ వినదు, మీరు చెప్తే అసలు వినదు. మీకు వ్రతం చేయించిన పంతులుగారి చేత ఒక్క మాట చెప్పించండి, ఆ రాత్రికే ఆవిడకి నిద్ర పడుతుంది.

బాబుకి మాత్రం ఇవాళే జవాబు చెప్పాలి. "పెదనాన్న చెడ్డవాడు కాదు, నాన్న తప్పుగా మాట్లాడాడు, పెదనాన్న దేవుడికి వేరేలా దండం పెట్టుకుంటాడు" చాలు. వాడికి డిబేట్ వద్దు. మీరు క్షమాపణ చెప్పడానికి వెళ్ళేప్పుడు వీలైతే వాణ్ణీ తీసుకెళ్ళండి.

అన్నీ కొంచెం సర్దుకున్నాక వాళ్ళని భోజనానికి పిలవండి, పూజ లేని మామూలు ఆదివారం సాయంత్రం, పొద్దున్నైతే వాళ్ళకి చర్చి ఉంటుంది. ఆ రోజు వంట నైవేద్యం పెట్టకముందే వాళ్ళకని విడిగా తీసి పెట్టమని, ఆ సంగతి మీ వదినకి ముందే చెప్పమని మీ ఆవిడతో అనండి, అప్పుడు ఆయన ఆరా తియ్యక్కర్లేదు, అత్తగారికీ బెంగ ఉండదు. ఆయనకి ఏ కూర ఇష్టమో కూడా కనుక్కోండి, అది కూడా మీ ఉత్తరంలో లేదు.