మంచు మీదికి వెళ్లబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అంటార్కిటికా యాత్రకు నువ్వు రాసిన సామాన్ల జాబితా చూశాను. పరికరాలకు రెండు పేజీలు, ఇంధనానికి ఒక్క వరుస! అక్కడ లెక్క ఇంధనంతో మొదలవ్వాలి. రాడార్లు, డ్రిల్లులు ఆ తర్వాతే.

అక్కడ కాళ్ల కింద కిలోమీటర్ల మందాన గడ్డకట్టిన మంచినీళ్లే, తాగడానికి మాత్రం చుక్క దొరకదు. సున్నా డిగ్రీల మంచు కిలో కరిగించే వేడితో అదే నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అక్కడి మంచు సున్నాకు ఎంతో కింద ఉంటుంది కనుక ఖర్చు ఇంకా ఎక్కువ. గిన్నె అడుగున కాసిని నీళ్లుంచి, ఆపైన మంచు వెయ్యి. ఉత్త మంచు వేస్తే గిన్నె మాడుతుంది. నేను మాడ్చినవాణ్నే, ఆ టీ రుచి ఇంకా మరిచిపోలేదు.

డబ్బాల మూతలు నువ్వే చూసుకో. 1912లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ డిపోల్లో (దారిలో ముందే దాచిన సరుకు నిల్వల్లో) తెరిచిన కిరోసిన్ డబ్బాలు వెలితిగా ఉన్నాయి. మూతల్లోని తోలు వాషర్లు చలికి పట్టు వదిలేశాయి. అదే ధ్రువానికి వెళ్లిన నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ ముందే తన డబ్బాలకు టంకం వేయించాడు. నువ్వు నిండు డబ్బాలను చలిగదిలో కొన్నాళ్లు ఉంచి, ముందూ వెనకా తూకం వెయ్యి. డిపో ఆనవాళ్లలోనూ ఆయన్నే అనుసరించు: దారికి అడ్డంగా రెండు వైపులా దూరం దాకా జెండాలు పాతించాడు, దారి తప్పినా ఏదో ఒకటి కంటపడుతుంది. జీపీఎస్ ఉందిగా అంటావు. బ్యాటరీకి చలి తగలదా? డిపోలు ఎక్కడున్నాయో చెప్పే ఆ జీపీఎస్ అంకెలు కాగితం మీద ఇద్దరి జేబుల్లో ఉండాలి.

1957-58లో బ్రిటిష్ అన్వేషకుడు ఫుక్స్ బృందం 99 రోజుల్లో ఖండం దాటింది, దారి పొడవునా మంచు మందం కొలుస్తూనే. వాళ్ల బండ్లు మంచులోని లోతైన పగుళ్ల మీద వేలాడిన సందర్భాలున్నాయి. నీ ముందు బండికి పగుళ్లు పసిగట్టే రాడార్ ఉంటుంది, సరే. దాని తెర చూసే మనిషి వయసులో చిన్నవాడైనా, 'ఆపు' అంటే నాయకురాలివైన నువ్వైనా సరే ఆగాలి. ఈ మాట బయల్దేరకముందే అందరి ముందూ చెప్పు.

గుడారంలో స్టవ్ వెలిగితే గాలికి దారి ఉండాలి. 1934 శీతాకాలంలో అక్కడ ఒంటరిగా ఉన్న అమెరికా అన్వేషకుడు బర్డ్‌ను స్టవ్ నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ చావు అంచుకు తెచ్చింది.

చేతి తొడుగులు వేసుకునే ప్రతి బోల్టూ బిగించి చూడు. వేళ్లు ఆడకపోతే ఆ పరికరం మార్చు. పర్యావరణ అనుమతుల కాగితాలు ఆలస్యమవుతాయి, ఇప్పుడే మొదలుపెట్టు.

ఇంధనం వరుస ఒక పేజీ అయ్యాక జాబితా మళ్లీ పంపు.

మీ పెదనాన్న