కత్తీ కావాలి, మంత్రమూ కావాలి

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే కథల ఆట) 5వ ఎడిషన్‌లో కత్తి తిప్పుతూ మంత్రాలూ వేయాలని ఉంది. నా పాత్రకి ఫైటర్ (యోధుడు) 2 లెవెల్స్, విజార్డ్ (మంత్రగాడు) 3 కలపనా?

జవాబు: వద్దండీ, రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. 5వ లెవెల్‌కి మీ పక్కనున్న ఫైటర్ ఒక్క టర్న్‌లో రెండు దెబ్బలు కొడుతుంటాడు, విజార్డేమో ఫైర్‌బాల్ అనే పెద్ద మంటల మంత్రం విసురుతుంటాడు, మీకు ఆ రెండూ ఉండవు. ఫైటర్‌గానే సాగి 3వ లెవెల్లో ఎల్‌డ్రిచ్ నైట్ (కొన్ని మంత్రాలూ వచ్చే ఫైటర్ రకం) తీసుకోండి. ఫైర్‌బాల్ 13వ లెవెల్ దాకా రాదు, దానిమీద ఆశ వదిలేయండి. మిమ్మల్ని కాపాడేది షీల్డ్ మంత్రం: మీ ఆర్మర్ క్లాస్ (మీకు దెబ్బ తగలాలంటే శత్రువుకి రావాల్సిన అంకె) 18, శత్రువుకి పాచికా బోనసూ కలిపి మొత్తం 20 వచ్చింది, అప్పటికప్పుడు, మీ టర్న్ కాకపోయినా, రియాక్షన్‌గా వేస్తే 18 కాస్తా 23 అవుతుంది, దెబ్బ తప్పుతుంది. చిక్కల్లా ఒక చేత కత్తి, ఇంకో చేత డాలు ఉంటే మంత్రం సైగకి చెయ్యి ఖాళీ ఉండదు, అందుకే 4వ లెవెల్లో వార్ కాస్టర్ ఫీట్ (రెండు చేతులూ నిండి ఉన్నా సైగ చేయనిచ్చే అదనపు నైపుణ్యం) తీసేసుకోండి.