కీ తిప్పే ముందు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గ్యారేజీలో పెద్ద చెక్కపెట్టె దిగిందట, లోపల కారు ఇంజన్, పెట్టె నిండా జపాన్ అక్షరాలేనట. "నీ పోలికే వచ్చింది వీడికి" అని నన్ను కూచోబెట్టి కడిగేసింది. ఆ తిట్లన్నీ విని, చివర్లో ఉండబట్టలేక అడిగాను: "వదినా, ఆ ఇంజన్ మీద మూత ఏ రంగు?" నలుపు అంది. ఎరుపు కాదు కదా అని రెండోసారి కూడా అడిగాను. ఎరుపైతే టైప్ ఆర్, అంటే హోండా వాళ్ళ జోరైన రకం ఇంజన్ అయి ఉంటుందేమోనని నా ఆశ. మూతకి రంగు ఎవడైనా వేసుకోవచ్చనుకో, అసలు సంగతి బ్లాకు మీద కొట్టిన నంబరులో ఉంటుంది. పొద్దున నువ్వు పంపిన ఫొటో చూశాను. బీ18సీ. నూట ఎనభై పీఎస్, అంటే ఇంచుమించు అన్ని గుర్రాలు. నీ 95 హోండా సివిక్‌లో ఇప్పుడున్నది నూట రెండు. రాత్రంతా నిద్ర లేదు. భయం సగం, మిగతా సగం ఏమిటో నీకు చెప్పనవసరం లేదు.

ఫోన్లో చెబితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అంటూ సగం కూడా వినవు. అందుకే రాస్తున్నాను.

ముందు కోప్పడాల్సింది కోప్పడతాను. కొనే ముందు అడగాలిరా ఎవరినైనా! నువ్వుండేది కాలిఫోర్నియాలో. అక్కడ ఇంజన్ మార్చిన కారుని పొగ తనిఖీ చేసే మామూలు స్మాగ్ స్టేషన్ వాడు ఒప్పుకోడు, ఇలాంటి కార్లని చూసే రిఫరీ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంజన్ కారు కంటే పాత ఏడాదిది కాకూడదు. ఆ ఇంజన్‌తో పుట్టిన పొగ సామాను, అంటే కేటలిస్టు, సెన్సర్లు, గొట్టాలు, మొత్తం దానితోనే రావాలి. జపాన్ నుంచి దిగే ఇంజన్లలో చాలావాటికి, ఇక్కడ అమ్మిన ఏ కారుకిచ్చిన సర్టిఫికెట్టూ వర్తించదనీ, అలాంటివాటిని రోడ్డు కారులో చట్టప్రకారం బిగించే దారే లేదనీ ఇక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ ఎప్పుడో రాసిపెట్టింది. కాబట్టి ఇంకో బోల్టు కొనే ముందు రిఫరీ వాళ్ళకి ఫోన్ చేసి ఇంజన్ నంబరు చెప్పు. కాదంటే అది ట్రాకు మీదే తిరగాలి. రోడ్డు మీద తిరగాలంటే, దాన్ని అమ్మేసి హోండా వాళ్ళే ఇక్కడ అమ్మిన ఇంటెగ్రా జీఎస్-ఆర్ కారు ఇంజన్ 95దో ఆ తర్వాతదో వెతుక్కో. అదీ 1.8 లీటర్లే, 170 హార్స్‌పవర్. ఆ కాస్త తేడా నీ పిరుదులకి తెలియదు, నా మాట నమ్ము. నా రోజుల్లో నేనివేవీ అడగలేదు. అదీ తప్పే. కానీ నేను చెప్పబోయే తప్పు అది కాదు.

"యాభై వేల కిలోమీటర్లే తిరిగింది" అని అమ్మినవాడు చెప్పే ఉంటాడు. అందరూ అదే చెబుతారు. జపాన్‌లో షాకెన్ అని ఒక తనిఖీ ఉంది. కొత్త కారుకి మూడేళ్ళకి, తర్వాత రెండేళ్ళకోసారి. ఆ ఖర్చు పడలేక బాగున్న కార్లనే వదిలించుకుంటారు, అది నిజమే. కానీ కిలోమీటర్ల మీటరు డ్యాష్‌బోర్డులో ఉంటుంది, ఇంజన్‌కి ఉండదు కదా. కంప్రెషన్ టెస్టు పెట్టు, ఒక్కో సిలిండరులో ఒత్తిడి ఎంతో తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల మధ్య 28 పీఎస్ఐకి మించి తేడా ఉంటే పెట్టె మూసి వెనక్కి పంపెయ్. పంపే వీలు లేకపోతే నాకు ఫోన్ చెయ్, తిట్టి తర్వాత దారి చెబుతా.

ఇంజన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీలు, క్లచ్చు ప్లేటు మార్చెయ్. పంపుని తిప్పేది ఆ బెల్టే. పంపు పట్టేస్తే బెల్టు పోతుంది, బెల్టు పోతే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగుతాయి. బెల్టు వేశాక స్పానర్‌తో ఇంజన్‌ని రెండు చుట్లు తిప్పి చూడు. గడియారం ముల్లు తిరిగే వైపుకి కాదురా, దానికి ఎదురు. ఈ బీ సిరీస్ హోండాలు తిరిగేది అటే.

మౌంట్లు, యాక్సిల్స్, గేర్ లింకేజీ ఇంటెగ్రావి తెచ్చుకో. వీటెక్ అంటే ఇంజన్ వేగం పుంజుకున్నాక వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిచే ఏర్పాటు. నీ సివిక్ వైరింగులో ఆ వీటెక్ సాలినాయిడ్‌కీ, దాని ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కీ, నాక్ సెన్సర్‌కీ, మానిఫోల్డ్‌లోని బైపాస్ సాలినాయిడ్‌కీ తీగలుండవు. నువ్వే లాగాలి. మెలితిప్పి టేపు చుట్టడం కాదు, సోల్డరింగ్ చెయ్. జపాన్ ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటరు, వాడతానంటావేమో. అది అక్కడి వంద ఆక్టేన్ పెట్రోలు లెక్కతో రాసింది. మన పంపులో కనిపించే 91 లెక్క వేరు. దాన్ని అక్కడి కొలతలోకి మారిస్తే దాదాపు 96 అవుతుంది. వేసవిలో ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమంటే ఆ పెట్రోలు చాలడం లేదని అర్థం చేసుకో. ఆ ఈసీయూలో ఇంకో గుణం కూడా ఉంది, కారుని గంటకి 180 కిలోమీటర్లు దాటనివ్వదు. అదొక్కటీ నాకు నచ్చింది.

బ్రేకులు ఇంజన్ కంటే ముందు. ఇంటెగ్రా ముందు డిస్కులు 262 మిల్లీమీటర్లు, అవి వేసుకో. పెట్రోలు లైను విప్పే ముందు ప్రెషర్ తీసెయ్. జాకీ మీద కారుంటే కింద దూరకు, స్టాండ్లు వెయ్. ఇది ఇంకోసారి రాయను, ఎందుకంటే నువ్వు దూరతావని తెలిస్తే నేనే బయల్దేరి వచ్చేస్తాను. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పు.

ఇక అసలు విషయం. మీ నాన్న వద్దన్నాడట కదా. డబ్బు దండగ అంటున్నాడని నువ్వు ముఖం ముడుచుకున్నావట. డబ్బు గురించి కాదురా.

1999. నువ్వింకా పుట్టలేదు. నా దగ్గర 89 సివిక్ హ్యాచ్‌బ్యాక్ ఉండేది. దానికి జపాన్ నుంచి వచ్చిన బీ16ఏ దొరికింది. 1,595 సీసీ, 160 పీఎస్. లీటరుకి నూరు గుర్రాలు, టర్బో లేకుండా. ఆరు శని ఆదివారాలు పట్టింది బిగించడానికి. ఆఖరి ఆదివారం చీకటిపడ్డాక ఒక్క ఎర్తు వైరు మిగిలింది. బ్యాటరీ మైనస్ నుంచి రెండు కొమ్మలు వస్తాయి, ఒకటి బాడీకి, ఒకటి గేరుబాక్సుకి. బాడీది బిగించాను. రెండోది కొత్త గేరుబాక్సు బోల్టు దాకా అందలేదు. ఓ జానెడు తక్కువ. రేపు పొడుగుది కొందాంలే అని చివరకి టేపు చుట్టి పక్కకి కట్టేశాను. ఇంజన్ తలకాయ నుంచి బాడీకి వచ్చే ఇంకో పట్టీ ఉండాలి, అల్లిన రాగిది, జడ రిబ్బనంత వెడల్పుంటుంది. అది పాత ఇంజన్‌తో పాటే తుక్కులోకి పోయిందని నేను గమనించనే లేదు.

కీ తిప్పాను. స్టార్టరు నీరసంగా, జ్వరం వచ్చినవాడిలా తిరిగింది. కానీ ఇంజన్ అందుకుంది. ఆ శబ్దం విన్నాక ఇంక వైరెక్కడ గుర్తుంటుంది! మర్నాడూ నీరసంగానే తిరిగింది. బ్యాటరీ పాతది, అదే కారణం అనుకుని కొత్తది కొన్నాను. కాస్త చురుగ్గా తిరిగింది. నయమైపోయిందనుకున్నా.

ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. ఎర్తు వైరు లేకపోతే దానికీ బాడీకీ కరెంటు సంబంధం ఉండదు. స్టార్టరు వందకి పైగా ఆంపియర్లు లాగుతుంది, అదంతా మైనస్‌కి తిరిగి చేరాలి. మెయిన్ రోడ్డు మూసేస్తే లారీలన్నీ సందులోకి దూరినట్టు, దానికి దొరికిన దారి ఎక్సలేటర్ కేబులు, క్లచ్చు కేబులు. రెండిటిలోనూ లోపల ఉక్కు తీగ, చుట్టూ ప్లాస్టిక్ తొడుగు. కొత్త బ్యాటరీ చేసిందల్లా ఆ సందులోకి ఇంకో నాలుగు లారీలు తోలడమే. అంతటితో అయిపోదు. ఆల్టర్నేటరు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి బండి నడుస్తున్నంతసేపూ లైట్ల కరెంటు, వైపర్ల కరెంటు, అన్నీ ఆ కేబుళ్ళ మీదుగానే వెనక్కి వస్తాయి.

ఆ వారమే మీ నాన్న వచ్చాడు. అన్నయ్యకి చూపించకుండా ఎలా ఉంటాను? రాత్రి, వాన. హెడ్‌లైట్లు, వైపర్లు, అద్దం మీద ఆవిరికి బ్లోయరు, అన్నీ వేసి ఉన్నాయి. ఫ్రీవే ర్యాంపు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కాను. వీటెక్ అందుకుని గొంతు మారింది. మీ నాన్న నవ్వాడు కూడా. ముందు ఓ లారీ కనిపించి కాలు తీశాను. పెడల్ కిందే ఉంది. పైకి రాలేదు.

క్లచ్చు తొక్కితే ఇంజన్ ఎనిమిది వేలకెక్కి అరుస్తోంది. భయపడి క్లచ్చు వదిలాను, కారు మళ్ళీ దూకింది. బ్రేకు మొదటిసారి పట్టింది, రెండోసారి రాయి తొక్కినట్టుంది. థ్రాటిల్ బార్లా తెరుచుకుని ఉంటే బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ పుట్టదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి, బుర్ర పనిచెయ్యలేదు.

కార్ల గురించి ఏమీ తెలియని మీ నాన్న చెయ్యి చాపి కీ ఒక్క మెట్టు వెనక్కి తిప్పాడు. ఒక్క మెట్టే. పీకెయ్యలేదు. పీకి ఉంటే స్టీరింగ్ బిగుసుకునేది. ఇంజన్ ఆగింది. రోడ్డు అంచున షోల్డరు మీదికి తీసి, రెండు కాళ్ళతో బ్రేకు నొక్కిపట్టి ఆపాను.

బానెట్ ఎత్తితే కాలిన ప్లాస్టిక్ వాసన. ఎక్సలేటర్ కేబులు తొడుగు మీద అప్పడంలా బొబ్బలు. వేలు పెడితే చురుక్కుమంది, ఆ మచ్చ చూపుడు వేలి మీద ఇప్పటికీ ఉంది, చిన్నప్పుడు నువ్వు అడిగేవాడివి కూడా. వానలో నిలబడి టార్చి వేస్తే, నేను టేపు చుట్టి కట్టేసిన వైరు కనిపించింది. మీ నాన్న దాన్ని చూశాడు. "ఇదేంటి" అన్నాడు. ఎర్తు వైరు, బిగించడం మర్చిపోయాను అన్నాను. మర్చిపోలేదు కదా, అబద్ధం చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. టో ట్రక్కు వచ్చేదాకా గొడుగు నా మీదే పట్టాడు.

పాతికేళ్ళు దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా. కానీ నా కారెక్కితే ఇప్పటికీ ఆయన చూపు కీ మీదే ఉంటుంది. బటన్ కారు కొన్నప్పుడు మైలేజీ అడగలేదు, రంగు గురించి అడగలేదు. "నడుస్తుండగా దీన్ని ఆపడం ఎలా?" అన్నాడు. బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టాలని చూపిస్తే, తానే ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

అందుకని, ఎర్తు వైర్లు ఆఖర్న కాదు, ఇంజన్ దిగగానే బిగించు. గేరుబాక్సుకి ఒకటి, తలకాయ నుంచి బాడీకి ఒకటి, థర్మోస్టాట్ దగ్గర ఈసీయూది ఒకటి. బోల్టు కింద పెయింటు గీకి, లోహం మెరిసేదాకా రుద్దు. అందకపోతే పని ఆపేసి పడుకో, మర్నాడు పొడుగుది తెచ్చుకో. తర్వాత మల్టీమీటరు ఒక ముల్లు ఇంజన్ మీద, ఒకటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి స్టార్టరు తిప్పించు. 0.2 వోల్టు దాటితే నాకు ఒప్పుదల లేదు. మూడు బోల్టుల ఫొటోలు నాకు పంపు. దగ్గర్నించి తియ్, ఫ్లాష్ వేసి. నేను చూసి "ఊఁ" అన్నాకే కీ తిప్పు. రోడ్డు ఎక్కే ముందు, కారు నిలబడి ఉండగానే, చూడకుండా కీ ఒక మెట్టు వెనక్కి తిప్పడం పదిసార్లు చేసి చూసుకో.

మొదటిసారి బయటికి తీసేరోజు నేనొస్తా. పక్క సీటు నాది. మీ నాన్నని ఎక్కమని బలవంతపెట్టకు, తనంతట తాను అడిగితే నేను వెనక కూచుంటా.

ఈ ఉత్తరం ఆయనకి చూపించకు. చూపించినా ఏమీ అనడులే.

మీ బాబాయి

మరిచా: గేరుబాక్సు కూడా వచ్చిందా అని మీ అమ్మని అడిగితే "పక్కన ఇంకో ఇనపముద్ద ఉంది" అంది. దాని మీద నంబరు కూడా ఫొటో తీసి పంపు.