ఇంటి లోన్ త్వరగా తీరాలంటే ముందు తీర్చాల్సింది ఇంటి లోన్ కాదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చేతికొచ్చే జీతం నెలకు 85 వేలు. ఏడాది క్రితం 20 ఏళ్లకు, 8.5 శాతానికి తీసుకున్న 30 లక్షల ఇంటి లోన్ ఉంది, ఈఎంఐ 26,035. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి నోటు మీద 2 లక్షలు, బ్యాంకులో 9 శాతానికి బంగారం మీద లక్షన్నర, క్రెడిట్ కార్డులో 60 వేలు ఉన్నాయి. లక్ష రూపాయల ఎఫ్‌డీ ఒకటి ఉంది. ఇద్దరు పిల్లలు, ఊళ్లో అమ్మానాన్న. ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. 'ఇంటి లోన్ పదేళ్లలో తీర్చాలనుకుంటున్నాను, ఆదివారాలు కూడా పని చేసి, కెమెరా అమ్మేయాలా?' అని అడిగారు.

కెమెరా అమ్మకండి. ఎందుకో లెక్కతో చెప్తాను.

అప్పులను మొత్తాన్ని బట్టి కాదు, వడ్డీని బట్టి వరసలో పెట్టాలి. 30 లక్షలు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి భయం దాని మీదే ఉంటుంది, కానీ మీ అప్పుల్లో అన్నిటికన్నా చౌక అదే. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 60 వేలకు 2,100, దాని మీద 18 శాతం జీఎస్టీ 378, వెరసి 2,478. మినిమం డ్యూ 5 శాతం, అంటే 3,000 కడితే అసలులోంచి తగ్గేది 522 రూపాయలే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కూరగాయలు కూడా అప్పు మీద కొంటున్నట్టే.

నోటు సంగతి: రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు 4,000. వడ్డీ కట్టకుండా మూడేళ్లు గడిస్తే చాలామంది చేసే పని నోటు తిరగరాయడం. అప్పుడు మూడేళ్ల వడ్డీ 1,44,000 అసలులో కలిసి కొత్త నోటు 3,44,000కు అవుతుంది. ఇక వడ్డీ మీద వడ్డీ. ఆ స్థితి రానివ్వకండి.

మీ నెల ఇలా ఉంటుందనుకుంటున్నాను: ఈఎంఐ 26,035, ఇంటి ఖర్చు 24,000, స్కూలు ఫీజుల కోసం పక్కన పెట్టేది 10,000, అమ్మానాన్నలకు 5,000, ఇన్సూరెన్సులకు 3,000, ఫొటోగ్రఫీకి 2,000. దాదాపు 70 వేలు పోగా మిగిలేది 15,000. బోనస్ ఈ లెక్కలో లేదు. సంక్రాంతి ప్రయాణాలు, పెళ్లిళ్లు, చదివింపులు, బట్టలు దాన్నుంచే. వీటికి విడిగా డబ్బు పెట్టకపోవడం వల్లే చాలా ఇళ్లలో కార్డు బాకీ మళ్లీ మళ్లీ పుడుతుంది.

ముందు కార్డు. తాకట్టు పెట్టినప్పటికన్నా బంగారం ధర పెరిగి ఉంటే అదే నగ మీద ఇంకో 60 వేలు ఇస్తారేమో బ్యాంకులో అడగండి. సాధారణంగా పాత లోన్ మూసి కొత్తది రాస్తారు, బంగారం విలువ కట్టే అప్రైజర్ ఫీజు కొంత పడుతుంది. ఆ డబ్బు మీ ఖాతాలో పడిన రోజే కార్డు మొత్తం కట్టేయండి. బంగారం మీద 60 వేలకు నెల వడ్డీ 450, కార్డులో అయితే 2,478. బ్యాంకు అందుకు ఒప్పుకోకపోతే కార్డు బాకీని ఈఎంఐలుగా మార్చమనండి, ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి ఎంతవుతుందో ముందే చూసుకోండి. ఈ పద్ధతి ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఖాళీ అయిన కార్డును మళ్లీ గీకడంలో. అప్పుడు రెండు అప్పులవుతాయి. నోటు తీరేదాకా యాప్‌లో కార్డు లిమిట్‌ను 10 వేలకు తగ్గించి పెట్టండి.

తర్వాత నోటు. ఇంట్లో ఇంకా నగలుండి, ఇంట్లోవాళ్లకు మనస్ఫూర్తిగా ఇష్టమైతే ఆ 2 లక్షలు కూడా 9 శాతానికి మార్చుకోవచ్చు, నెలకు 2,500 వడ్డీ తగ్గుతుంది. ఇష్టం లేదంటే ఆ మాట మళ్లీ ఎత్తకండి. కింది లెక్క ఇంట్లో ఉన్న ఆ నగలు ముట్టుకోకుండా వేసిందే. పాత లక్షన్నర, కార్డు కోసం తీసుకున్న 60 వేలు కలిపి 2,10,000 బంగారం అప్పుకు నెల వడ్డీ 1,575 కట్టుకుంటూ, మిగతా 13,425 నోటుకు కడితే 18 నెలల్లో తీరిపోతుంది. ఇందుకు ఒక షరతు ఉంది. అసలు కొంచెం కొంచెంగా తీసుకుని, మిగిలినదానికే వడ్డీ వేస్తామని అప్పిచ్చినవాళ్లు ఒప్పుకోవాలి. కొందరు 'మొత్తం ఒకేసారి ఇవ్వండి' అంటారు. అలాగైతే వడ్డీ నెలనెలా ఇచ్చేస్తూ, మిగతాది రికరింగ్ డిపాజిట్‌లో వేసి కనీసం 50 వేల విడతలుగానైనా తీసుకోమని అడగండి. ఏది కట్టినా బ్యాంకు ద్వారానో యూపీఐలోనో పంపండి, నోటు వెనక తేదీ, మొత్తం వేసి చెల్లు రాయించండి, విడిగా రశీదు తీసుకోండి. నోటు వాళ్ల దగ్గరే ఉంటుంది, కాబట్టి చెల్లు ఒక్కటే మీకు చాలదు. చివరి రూపాయి కట్టిన రోజే నోటు వెనక్కి తీసుకోండి. 'ఎక్కడో ఉంది, వెతికి ఇస్తాం' అంటే, బాకీ పూర్తిగా తీరిందని సంతకంతో కాగితం రాయించుకోకుండా రావద్దు.

ఆ తర్వాత 15,000 మొత్తం బంగారం అప్పుకు. 15 నెలలు. అంటే ఈరోజు నుంచి 33 నెలలకు చిన్న అప్పులన్నీ పోయి నగ ఇంటికొస్తుంది.

ఈలోగా లక్ష ఎఫ్‌డీని తెంపకండి. 24 శాతం అప్పు పెట్టుకుని ఎఫ్‌డీ ఉంచడం లెక్కప్రకారం నష్టమే, ఒప్పుకుంటాను. కానీ మీ ఇంటికి నెలకు 70 వేలు కావాలి, ఆ లక్ష నెలన్నరకు కూడా చాలదు. అది కూడా లేకపోతే, జీతం ఒక నెల ఆలస్యమైనా ఈఎంఐ బౌన్స్ అవుతుంది, లేదంటే మళ్లీ నోటు రాయాల్సి వస్తుంది.

ఇప్పుడు ఇంటి లోన్. డబ్బు కట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని ఈ వారంలోనే చేయండి. 2025లో ఆర్‌బీఐ రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీ రేటును, 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. మీది ఇంకా 8.5 దగ్గరే ఉందంటే కారణం ఏదో ఉంది. బ్యాంకులు 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లను రెపో వంటి బయటి రేటుకు ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు. శాంక్షన్ లెటర్ తీసి మీది దేనికి ముడిపడి ఉందో, దాని మీద కలిపే స్ప్రెడ్ (అదనపు శాతం) ఎంతో చూడండి. రేటు తగ్గించమని లిఖితపూర్వకంగా అడగండి, మారడానికి ఒకసారి కట్టే ఫీజు ఉంటే అదెంతో కనుక్కోండి. ఒప్పుకోకపోతే వేరే బ్యాంకుకు మార్చుకునే ఖర్చు లెక్కవేయండి. 7.75 దొరికి, ఈఎంఐ అదే 26,035 ఉంచితే, మిగిలిన 228 నెలలు 203కు దిగుతాయి. జేబులోంచి నెలకు ఒక్క రూపాయి అదనంగా కట్టకుండా 25 నెలలు తగ్గినట్టు. రేటు తగ్గినప్పుడు 'ఈఎంఐ తగ్గించాలా?' అని అడిగితే వద్దనండి.

కింది లెక్కలు మాత్రం పాత 8.5 మీదే వేశాను, రేటు తగ్గితే ఇంకా మేలే.

33 నెలల తర్వాత లోన్ బాకీ సుమారు 27.47 లక్షలు ఉంటుంది. అప్పటినుంచి ఖాళీ అయిన 15,000 కూడా ఈఎంఐకి కలిపితే 91 నెలల్లో తీరుతుంది. లోన్ తీసుకున్న రోజు నుంచి లెక్కిస్తే 11 ఏళ్ల 4 నెలలు. జీతం ఒక్క రూపాయి పెరగదనుకుని వేసిన లెక్క ఇది. పెరిగిన ప్రతిసారీ అందులో సగం కలిపితే మీరనుకున్న పదేళ్లు దాని అంతట అదే వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఫొటోగ్రఫీకి పెట్టే 2,000 ఈరోజే ఆపేసి, ఆ డబ్బు కూడా మొదటినుంచి అప్పులకే కడితే 11 ఏళ్ల 4 నెలల బదులు 10 ఏళ్ల 7 నెలలకు తీరుతుంది. పదేళ్లు కెమెరా ముట్టకుండా ఉంటే కలిసొచ్చేది 9 నెలలు. ఆ బేరం నాకు నచ్చదు. అన్నీ మానేసుకుని మొదలుపెట్టిన ప్రణాళిక ఏడాది తిరక్కుండానే తెగిపోతుంది, తెగినప్పుడు కార్డు మీద ఒకేసారి 80 వేల లెన్స్ వస్తుంది. అందుకే 2,000 వేరే ఖాతాలో నెలనెలా పడేలా పెట్టండి, ఆ ఖాతాలో ఎంత ఉంటే అంతే. లెన్స్ అవసరం ఒక్క పెళ్లికో ఒక్క ప్రయాణానికో అయితే అద్దెకు తీసుకోండి, కొనాలంటే వాడినది కొనండి. 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడతాయి, ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంటు పోతుంది.

ఆదివారం పని గురించి కూడా ఇదే కొలత. ప్రయాణం, బయటి తిండి పోను నెలకు 4,000 మిగులుతుందనుకోండి. నోటు ఉన్నప్పుడు అది బాగా పనిచేస్తుంది, 18 నెలలు దాదాపు 13 అవుతాయి. ఇంటి లోన్ దశలో అదే 4,000 కడితే 91 నెలలు 81 అవుతాయి, అంటే దాదాపు ఏడేళ్ల ఆదివారాలకు 10 నెలలు. కాబట్టి నోటు తీరేదాకా పని చేయండి, ఆఖరు తేదీ ఇంట్లో ముందే చెప్పండి, ఆ రోజున ఆపేయండి. పిల్లలు మీతో బయటికి రావాలనుకునే వయసు ఆ ఏడేళ్లే.

తర్వాత దశలో 15,000కు బదులు 10,000 మాత్రమే కట్టి 5,000 ఇంటికి వదిలేస్తే లోన్ 12 ఏళ్ల 11 నెలలకు తీరుతుంది. 19 నెలలు ఆలస్యం. పిల్లల పెద్ద క్లాసుల ఫీజులు అప్పుడే పెరుగుతాయి కాబట్టి అదేమీ తప్పు కాదు. ఇది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది, ఒక్కరు నిర్ణయించి ఇంకొకరికి చెప్పేది కాదు.

అదనంగా కట్టేటప్పుడు జరిగే పొరపాట్లు. డబ్బు లోన్ ఖాతాకు పంపితే కొన్నిచోట్ల దాన్ని 'అడ్వాన్స్ ఈఎంఐ'గా పక్కన ఉంచుతారు, అసలు తగ్గదు. 'పార్ట్ ప్రీపేమెంట్, అసలులో తగ్గించండి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించండి' అని ఈమెయిల్‌లోనో దరఖాస్తులోనో రాయండి. గడువా ఈఎంఐనా అన్న తేడా చాలా పెద్దది: మొదటి ఏడాది చివర లక్ష కట్టి గడువు తగ్గిస్తే 18 ఈఎంఐలు పోయి సుమారు 3.7 లక్షల వడ్డీ మిగులుతుంది. అదే లక్షకు ఈఎంఐ తగ్గిస్తే నెలకు 885 తగ్గి, మొత్తం మీద మిగిలే వడ్డీ లక్ష. మూడు నాలుగు రోజుల తర్వాత స్టేట్‌మెంట్ తీసి అసలు తగ్గిందో లేదో చూడండి, కొత్త షెడ్యూల్ అడగండి. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్ వ్యక్తులు ముందే కడితే బ్యాంకులు ఛార్జీ వేయకూడదని ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు లోన్లకు, పర్సనల్ లోన్లకు మాత్రం ఒప్పందంలో ఏముందో చూసుకోవాలి.

'పన్ను మినహాయింపు కోసం లోన్ ఉంచుకో' అని ఆఫీసులో ఎవరో ఒకరు చెప్తారు. కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు, 2025–26 నుంచి జీతగాళ్లకు ఏడాదికి 12.75 లక్షల వరకు పన్ను పడదు. మీ జీతానికి ఆ సలహా వర్తించదు. ఇంకోటి, మీ పేరు మీద కనీసం మిగిలిన లోన్ అంత టర్మ్ పాలసీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అదనంగా కట్టే మొదటి రూపాయి దానికే.

లోన్ తీరాక బ్యాంకు 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన ఉంది. లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన పత్రాల జాబితా ఇప్పుడే వెతికి జాగ్రత్త చేయండి, అప్పుడు ఒక్కో కాగితం దానితో సరిచూసుకోవచ్చు. నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికొచ్చాక పని అయిపోయిందనుకోకండి. తనఖా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు కూడా అక్కడే రిజిస్టర్ చేయించాలి. తర్వాత ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసి చూడండి, అందులో తనఖా విడుదలైనట్టు ఎక్కాలి.