ఆవకాయ సీసా ఆన్‌లైన్‌లో పెట్టే ముందు

చి. అమ్మలుకి,

అత్త దీవెనలు. నువ్వు పంపిన ఫోటో చూశాను. సీసా మీద లేబుల్ ముచ్చటగా ఉంది. "జీఎస్టీ అంటేనే టెన్షన్‌గా ఉంది అత్తా, అది కట్టాక నాకు మిగిలేదేముంటుంది" అన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. 2019 నుంచి పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. నేను పోగొట్టుకున్న డబ్బులో పన్ను కట్టడం వల్ల పోయింది తక్కువ. లెక్క చూసుకోక, తేదీలు మరిచిపోయి పోగొట్టుకున్నదే ఎక్కువ.

ముందు ఒక్క సీసా లెక్క చూడు. అరకిలో 420కి పెడదామన్నావు కదా. పన్ను అందులోనే కలిసి ఉంటుంది. పచ్చళ్ల మీద ఇప్పుడు 5 శాతం కాబట్టి సరుకు 400, పన్ను 20. 2025 సెప్టెంబర్ 22కి ముందు 12 శాతం ఉండేది. అదే 420లో 45 రూపాయలు పన్నుకే పోయేవి. అప్పటితో పోలిస్తే నువ్వు మంచి సమయంలో మొదలుపెడుతున్నావు.

ఇక నీ సీసా ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే ప్లాట్‌ఫామ్ వాళ్ల కమీషన్, కొరియర్ కలిపి 130 అనుకుందాం. దాని మీద వాళ్లు 18 శాతం జీఎస్టీ వేస్తారు, అంటే 23 రూపాయల 40 పైసలు. నీకు జీఎస్టీ నంబర్ ఉంటే ఆ 23.40 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే నువ్వు కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోవచ్చు. నువ్వు కట్టాల్సిన 20 అందులోంచే సర్దుబాటైపోయి, ఇంకా 3.40 తర్వాతి లెక్కకి మిగులుతుంది. నంబర్ లేనివాళ్లు ఆ 20 కట్టక్కర్లేదు, కానీ వాళ్లకి 23.40 తిరిగి రాదు. చివరికి చేతిలో పడే డబ్బు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే! ఈ లెక్క తెలియక నేను మొదటి ఏడాదంతా ప్రతి సీసా మీదా పన్ను పోతోందని దిగులుపడ్డాను.

అయితే ఆ క్రెడిట్ ఊరికే రాదు. సెల్లర్ అకౌంట్‌లో నీ జీఎస్టీ నంబర్ సరిగ్గా ఎక్కించాలి. అప్పుడే వాళ్ల కమీషన్ బిల్లు నీ నంబర్ మీద వస్తుంది. రిటర్న్ (పన్ను లెక్క ప్రభుత్వానికి చెప్పే పత్రం) వేయాల్సిన నెలలో 14వ తేదీన, నీకు వచ్చే క్రెడిట్ల జాబితా జీఎస్టీఆర్-2బి వస్తుంది, అందులో ఆ బిల్లు కనిపిస్తోందో లేదో చూసుకో. నూనె, సీసాలు, అట్టపెట్టెలు కొన్నప్పుడు కూడా నంబర్ వేయించుకుని బిల్లు తీసుకో. "బిల్లు లేకుండా తీసుకుంటే పది రూపాయలు తగ్గిస్తా" అనే కొట్టు దగ్గర ఆగకు.

అసలు నంబర్ తీసుకోవాలా అన్నావు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా అక్కర్లేదు, నిజమే. 2023 అక్టోబర్ 1 నుంచి ప్లాట్‌ఫామ్‌ల మీద అమ్మే చిన్నవాళ్లకీ ఆ వెసులుబాటు ఇచ్చారు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే చాలు. అంతకుముందు ఒక్క సీసా అమ్మినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ ఇప్పటి వెసులుబాటు రాష్ట్రం దాటనంత వరకే. గుంటూరు ఆవకాయ ఎవరు కొంటారో ఆలోచించు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పిల్లలు. హైదరాబాద్ మనకి ఇంటి వెనక ఊరిలాగే అనిపిస్తుంది గానీ, పన్ను లెక్కలో 2014 నుంచి అది వేరే రాష్ట్రం. అక్కడికి పచ్చడి అమ్మాలంటే నంబర్ ఉండాలి. ఒక శాతం కట్టి ఊరుకునే కాంపొజిషన్ పద్ధతి ఉంది కదా అంటారు. అందులో చేరినా రాష్ట్రం దాటి అమ్మకూడదు, ఇన్‌పుట్ క్రెడిట్టూ రాదు. నీకది పనికిరాదు. మామూలు రిజిస్ట్రేషనే తీసుకో. (ఖమ్మంలో ఉన్న మీ అక్కకి చెప్పు, తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే.)

ఇప్పుడు నా సొంత పొరపాటు చెబుతాను. ప్లాట్‌ఫామ్ వాళ్లు మనకి డబ్బు వేసేముందు టీసీఎస్ అని కొంత పట్టుకుని ప్రభుత్వానికి కడతారు. అప్పట్లో ఒక శాతం, 2024 జూలై 10 నుంచి అర శాతం. నీ సీసా మీద రెండు రూపాయలు. అది మన డబ్బే. జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్లి టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ అనే చోట ఒప్పుకుంటున్నట్టు నొక్కితేనే మన క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే అక్కడ మన పేరున ఉండే డబ్బు ఖాతాలోకి వస్తుంది. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏడాదికి పైగా అలాగే ఉండిపోయింది. ఆదాయపు పన్ను కింద వాళ్లు పట్టుకునే టీడీఎస్ అనే వేరే కోత కూడా ఉంది, 2024 అక్టోబర్ నుంచి 0.1 శాతం. పాన్ ఇచ్చి ఉంటే, ఆ ప్లాట్‌ఫామ్ మీద ఏడాది అమ్మకం 5 లక్షలు దాటేదాకా నీకు పట్టుకోరు.

రెండో పొరపాటు ఇంకా బాధపెట్టింది. ఒక ఏడాది మామిడికాయ రోజులు అయిపోయాక, మీ మామయ్యకి ఒంట్లో బాగాలేక దుకాణం మూసేశాను. అమ్మకమే లేనప్పుడు రిటర్న్ ఎందుకులే అనుకున్నాను. సున్నా అయినా వేయాలట. రోజుకి 20 రూపాయల చొప్పున లేటు ఫీజు పెరిగింది. ఆరు నెలలు దాటాక నంబర్ సస్పెండ్ అయింది. నంబర్ లేదని ప్లాట్‌ఫామ్ వాళ్లు నా సరుకు కనిపించకుండా చేశారు. మళ్లీ మామిడికాయల కాలం వచ్చింది, ముక్కలు కొట్టి, కారం కలిపి, జాడీలు నింపి పెట్టుకుని అమ్మలేక కూర్చున్నాను. ఆ జాడీలు చూస్తే ఏడుపొచ్చేది.

అందుకే మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకో. ఆ మూడు నెలలు అయ్యాక వచ్చే నెలలో, అమ్మకాల వివరాలు చెప్పే జీఎస్టీఆర్-1 పదమూడో తేదీకి, పన్ను లెక్క తేల్చే 3బి మన రాష్ట్రానికి ఇరవై రెండుకి. మొదటి రెండు నెలలకి కట్టాల్సింది ఏమైనా ఉంటే తర్వాతి నెల ఇరవై ఐదులోపు. వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టేయ్. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

ప్లాట్‌ఫామ్ వాళ్లు ఫోన్ చేసి "మీ సరుకు మా గోడౌన్‌లో పెట్టండి, తొందరగా చేరుతుంది" అంటారు. ఆ గోడౌన్ ఏ రాష్ట్రంలో ఉందో అడగకుండా సరేననకు. వేరే రాష్ట్రంలో సరుకు పెడితే అక్కడ ఇంకో రిజిస్ట్రేషన్, ఇంకో వరుస రిటర్న్‌లు. ఏడాది గడిచేదాకా ఇంటి నుంచే పంపు.

వచ్చే ఆదివారం ఇక్కడికి రా. ఆధార్, పాన్, ఫోటో, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు తెచ్చుకో. ఇల్లు మీ మామగారి పేరున ఉంది కాబట్టి, అక్కడ వ్యాపారం చేసుకోవడానికి అభ్యంతరం లేదని ఆయనతో సంతకం పెట్టించిన కాగితం కూడా కావాలి. అప్లికేషన్‌కి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకు. ఇద్దరం కూర్చుని నింపేద్దాం. వచ్చేటప్పుడు ఆ కొత్త సీసా ఒకటి పట్టుకురా, ఉప్పు సరిపోయిందో లేదో చూస్తాను.

నీ మేనత్త