డేటా అందరికీ పెట్టేస్తే మా అమ్మాయి కష్టం ఎవరో కొట్టేయరా?

గుంటూరు నుంచి ఒక నాన్న రాశారు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. అమ్మాయికి 26 ఏళ్లు, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెల నెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తోంది, రెండో ఏడు ముగుస్తోంది. మిర్చి పూలలో చేరే నల్ల తామర పురుగుల్ని మేడికొండూరు, ప్రత్తిపాడు వైపు పొలాల్లో వారం వారం లెక్కపెట్టి రాసుకుంటోంది. ఆ లెక్కలన్నీ ఇంటర్నెట్‌లో జెనోడో అనే చోట అందరికీ కనబడేలా పెట్టాలని గైడ్ అన్నారట. ఆ నాన్న మాటల్లోనే: "రెండేళ్లు ఎండలో తిరిగి లెక్కపెట్టింది మా పిల్ల. ఊరికే పెట్టేస్తే ఎవడో పేపర్ రాసేసుకుంటాడు. పక్క కొట్టు ఆయన కొడుకు ఆరు నెలలు డేటా సైన్స్ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. ఇది మానిపించి అందులో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. అప్‌లోడ్ మాత్రం ప్రస్తుతానికి నేనే ఆపించాను."

సార్, మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది ఆ ఆఖరి మాట దగ్గర. దాని సంగతి తర్వాత చెబుతాను, చెప్పకుండా మాత్రం వదలను.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. విజయవాడలో సలహా కోసం నా దగ్గరకొచ్చే పీహెచ్‌డీ పిల్లల అమ్మానాన్నల్లో సగం మంది ఇదే అడుగుతారు. ఒకరి పిల్లవాడిది కాలవ నీళ్ల శాంపిళ్లు, ఇంకొకరి అమ్మాయిది ఆస్పత్రి రికార్డులు, భయం మాత్రం ఒక్కటే. పైకి దొంగతనం గురించి అడుగుతారు గానీ లోపల ఉన్నది వేరు. ఐదేళ్లు గడిచాక పిల్ల చేతిలో ఏం ఉంటుంది, ముప్పై దగ్గరపడ్డాక మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడాలా, పెళ్లి మాటలప్పుడు "ఇంకా చదువుతోందండీ" అని ఎన్నాళ్లు చెప్పాలి. నెలకు 37 వేలు వస్తున్నా, రెండేళ్లు నిండి ఎస్‌ఆర్‌ఎఫ్ (అదే ఫెలోషిప్‌లో పై మెట్టు) అయితే 42 వేలవుతుందని తెలిసినా, అది ఉద్యోగం అని మన మనసు ఒప్పుకోదు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, దానికి మిమ్మల్ని తప్పు పట్టను.

సరే, ముందు దొంగతనం.

మీకు యార్డు తెలుసు కాబట్టి అడుగుతున్నాను, టిక్కీ (మిర్చి బస్తా) విప్పకుండా, మచ్చు చూడకుండా ఎవరైనా ధర చెబుతారా? పైన నిగనిగలాడే కాయ పేర్చి కింద తాలుకాయ నింపిన బస్తాలు మీరు ఎన్ని చూసి ఉంటారు? రీసెర్చ్ పేపర్ కూడా ఇన్నేళ్లూ విప్పని టిక్కీలాగే అమ్ముడుపోయింది. గ్రాఫు పైన కనబడేది, కింద ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు, దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే ఎదుగుదల పడిపోతుందని ఒక పేపర్ రాశారు. పెద్ద పెద్ద దేశాల్లో ఖర్చులు కోయడానికి నాయకులు దాన్ని చూపించారు. మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి క్లాసు పని కింద అవే లెక్కలు మళ్లీ వేస్తే కుదరలేదు, దాంతో వాళ్ల ఎక్సెల్ ఫైలే అడిగాడు, వాళ్లూ పంపారు. తెరిచి చూస్తే సగటు తీసిన చోట ఐదు దేశాల వరసలు కలవనే లేదు! అదొక్కటే కాదు, ఇంకొన్ని తేడాలూ బయటపడ్డాయి. అవన్నీ సరిచేస్తే, ఎక్కువ అప్పున్న దేశాల్లో మైనస్ 0.1 శాతం అన్న ఎదుగుదల ప్లస్ 2.2 శాతం అయింది. అది 2013. అంత పెద్దవాళ్ల తప్పు పట్టింది ఒక విద్యార్థి, అదీ ఫైలు చేతికొచ్చింది కాబట్టి. మీ అమ్మాయి గైడ్ చేయమంటున్నది ఆ టిక్కీ ముందే విప్పి పెట్టమని. అలాంటి గైడ్ దొరకడమే అదృష్టం, నిజం చెబుతున్నా.

ఇక ఎవడో ఎత్తుకుపోతాడన్న మాట. జెనోడో అంటే జెనీవా దగ్గరున్న సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ 2013 నుంచి నడుపుతున్న చోటు. డబ్బు కట్టక్కర్లేదు, ఒక్కో డేటాసెట్‌కు 50 జీబీ దాకా ఇస్తారు, పురుగుల లెక్కలకు అది ఏ మూలకి. అందులో పెట్టగానే డీఓఐ అని ఒక శాశ్వత నంబరు, పక్కనే తేదీ, అమ్మాయి పేరు పడతాయి. మీ సరుకుకు కాటా చీటీ ఎలాంటిదో ఆమె డేటాకు ఆ నంబరు అలాంటిది. చీటీ రాశాక ఆ సరుకు ఎవరిదన్న తగాదా వస్తే తేల్చడం ఎంత తేలిక! సీసీ బై అనే లైసెన్సు పెడితే, వాడుకున్నవాడు ఆమె పేరు చెప్పి తీరాలి. పేపర్ రాకముందే ఫైళ్లు బయట పడేయాలని కూడా ఎక్కడా లేదు. ఫైళ్లకు తాళం వేసి, ఫలానా తేదీకి తెరుచుకోవాలని పెట్టుకోవచ్చు, దాన్ని ఎంబార్గో అంటారు. ఎక్కువమంది పేపర్ ఒప్పుకున్నాకే తెరుస్తారు. మీ అమ్మాయి గైడ్ ఎప్పుడు తెరవమన్నారో మీరు అడిగారా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

నేను చూసినంతలో, పరిశోధన పిల్లల కష్టం పోయేది ఇంటర్నెట్‌లో కాదు, పెన్‌డ్రైవ్‌లో. "ఒకసారి చూసి ఇస్తాను" అని సీనియర్ తీసుకెళ్తాడు, అక్కడ తేదీ ఉండదు, పేరు ఉండదు. లేదంటే అసలు వస్తువే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో కింది వాటాలో అద్దెకున్న ఒక పీహెచ్‌డీ అబ్బాయి సర్వే ఫారాలు, ల్యాప్‌టాప్ రెండూ నీళ్లలో నానిపోయాయి. మంచం మీద పెట్టాడట, నీళ్లు మంచం దాటాయి. రెండో కాపీ లేదు. వాడికి ధైర్యం చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. మీరు భయపడాల్సింది దీనికి.

ఇంకోటి, మీరెంత దాచినా థీసిస్ ఎలాగూ బయటికే వస్తుంది. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ నిబంధనల ప్రకారం అది శోధగంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలో పెట్టాల్సిందే, ఎవరైనా దించుకుని చదువుకోవచ్చు.

జాగ్రత్తలు లేవని కాదు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు ఆ ఫైల్లో ఉంటే తీసేయాలి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం సంగతి అటుంచండి, నమ్మి పొలంలోకి రానిచ్చిన మనిషి పేరు ప్రపంచానికి చూపించడం మర్యాద కాదు. పురుగును ఆపే మందో, ఏదైనా పరికరమో పేటెంట్ చేసే ఆలోచన ఉంటే అప్లికేషన్ వేసేదాకా ఆ భాగం బయటపెట్టకూడదు, ముందే చూపిస్తే హక్కు పోయే ప్రమాదం ఉంది. పురుగుల లెక్కలకు ఆ బాధ లేదనుకోండి. ఇంకా, "ఓపెన్" అన్న మాట వినగానే ఎవరైనా మూడు రోజుల్లో పేపర్ వేస్తాం, ఇంత డబ్బు పంపండి అంటే ఫోన్ పెట్టేయండి. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ ఉండి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో కనుక్కోండి గానీ, భయపడి చెత్త జర్నల్‌కు డబ్బు కట్టొద్దు.

ఇప్పుడు డేటా సైన్స్ కోర్సు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, క్షమించాలి.

బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పొడవునా ఆ హోర్డింగులే. నాలుగైదేళ్లుగా ఆ కోర్సులు చేసి వచ్చిన పిల్లల రెజ్యూమెలు నా టేబుల్ మీద పడుతున్నాయి, ప్రాజెక్టు కాలమ్ చూడకుండానే చెప్పేస్తాను: టైటానిక్ ఓడ ప్రయాణికుల లెక్కలు, లేదంటే ఐరిస్ పూల లెక్కలు, రెండూ నేర్చుకోవడానికి వాడే రెడీమేడ్ డేటా. అందరికీ అవే. ఆ ఐరిస్ ఏమిటో తెలుసా? ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త పూలు కోసి, రేకలు కొలిచి రాసిన లెక్కలు. మూడు రకాలు, మొత్తం 150 పూలు. 1936లో రోనాల్డ్ ఫిషర్ తన పేపర్లో వాటిని వాడారు. తొంభై ఏళ్లుగా ప్రపంచమంతా వాటి మీదే లెక్కలు నేర్చుకుంటోంది. అంటే లక్షలు పోసి మీరు చేర్పించబోయే కోర్సు, ఒకాయన మీ అమ్మాయిలాగే పూల దగ్గర కూర్చుని కొలిచిన డేటా మీద నడుస్తోంది! (మీ అనుమానానికి ఒక మార్కు వేస్తాను, చాలామంది దాన్ని ఇప్పటికీ ఫిషర్ డేటా అనే అంటారు. ఫిషర్ ఆండర్సన్ పేరు చెప్పారు, జనమే మర్చిపోయారు. అప్పుడు డీఓఐలు లేవు మరి.)

కోర్సులన్నీ మోసం అనను. లెక్కలు బాగా వచ్చి, ఏదో ఒక రంగం లోతుగా తెలిసినవాళ్లకు ఆరు నెలల శిక్షణ పనికొస్తుంది. ఏ రంగమూ తెలియకుండా టూల్ మాత్రమే తెలిసినవాళ్లు ఇప్పుడు వేలల్లో ఉన్నారు, ఆ చిన్న పనులు ఏఐ కూడా చేసేస్తోంది. ఈ గుంపులోకి ఇంకొకరిని పంపమని నేను చెప్పలేను. పక్క కొట్టు ఆయన కొడుకు చేరాడు, సంతోషం. అదే బ్యాచ్‌లో మిగతావాళ్లు ఏమయ్యారో ఆయన్ను ఒక్కసారి అడిగి చూడండి.

పైగా మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నదే డేటా పని. ఏ కాలమ్‌లో ఏముందో, లెక్క పూవుకా మొక్కకా, ఎవరు ఎప్పుడు లెక్కపెట్టారో పక్కన రాసి పెట్టడం, ఖాళీ గడి అంటే సున్నానా లేక ఆ వారం వాన పడి వెళ్లలేదా అన్నది తేల్చడం, వాడిన కోడ్ జత చేయడం. ఇది చిన్న విషయం అనుకోకండి. సెప్ట్2 అనే జీన్ పేరు టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని సెప్టెంబరు 2గా మార్చేసేది. ఆ తప్పు ఎన్నో పేపర్లలోకి పాకి, చివరికి 2020 నాటికి ఆ జీన్ల పేర్లే మార్చారు. ఇలాంటి బురదలో దిగి ఫైలు శుభ్రం చేసిన మనిషికి విత్తనాల కంపెనీలోనో, పంటల బీమాలోనో, పరిశోధన సంస్థలోనో చూపించడానికి ఒక లింకు ఉంటుంది. టైటానిక్ కాదు, తన సొంతది, గుంటూరు మిర్చిది. 2021లో ఆ పురుగు తోటల మీద పడ్డప్పుడు యార్డులో మీరూ చూశారు కదా, రైతులు పైరు పీకేసిన రోజులు.

పోల్చి చెప్పమన్నారు. జీతం మొదటి రెండేళ్లు కోర్సు వైపే ఎక్కువ ఉండొచ్చు, ఉద్యోగం వస్తే. పీహెచ్‌డీ తర్వాత లెక్చరర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, అందులో దాపరికం లేదు. ప్రైవేటు వైపు దారులు ఉన్నాయి, వాటికి ఆమె ఇప్పుడు చేస్తున్న అలవాట్లే పనికొస్తాయి. సాయంత్రాలు ఆర్ గానీ పైథాన్ గానీ (లెక్కలు చేసే ప్రోగ్రామింగ్ భాషలు) తన డేటా మీదే నేర్చుకుంటే ఆ ఆరు నెలల కోర్సు ఇంట్లోనే సగం అయిపోతుంది. కాగితం మీద రెండు గడులు గీసి ఇస్తానని మీరు ఎదురుచూసి ఉంటారు, నా దగ్గర ఉన్న పోలిక ఇంతే.

ఇప్పుడు ఆ ఆఖరి మాట. "నేనే ఆపించాను" అన్నారు. 26 ఏళ్ల పిల్ల, సొంతంగా జేఆర్‌ఎఫ్ కొట్టిన పిల్ల, రెండేళ్లుగా నెల నెలా సంపాదించుకుంటున్న పిల్ల, తన గైడ్‌తో కలిసి తీసుకున్న నిర్ణయాన్ని మీరు ఇంట్లో కూర్చుని ఆపారు. ఆ డేటా మీది కాదండీ. తనదీ, గైడ్‌దీ, డబ్బిచ్చిన సంస్థదీ, పొలంలోకి రానిచ్చిన రైతులదీ. రెండు పేజీల ఉత్తరంలో "మా అమ్మాయి ఏమంటోందంటే" అన్న ముక్క ఒక్కటీ లేదు. గైడ్ ముందు ఆ పిల్ల ఏం చెప్పి ఉంటుంది, "మా నాన్న వద్దన్నారు సార్" అనా? కోప్పడకండి, నాకూ ఈడొచ్చిన కూతురుంది, నేనూ ఇలాంటి పనులు చేసి తిట్లు తిన్నవాడినే.

ఈ రాత్రి భోజనాల దగ్గర అప్‌లోడ్ ఊసెత్తకండి. ఆ లెక్కల ఫైలుకు రెండో కాపీ ఎక్కడుందని మాత్రం అడగండి. ల్యాప్‌టాప్‌లో ఒక్కటే ఉందంటే పడుకునే లోపు ఇంకోచోట పెట్టించండి. ఎంబార్గో ఎన్ని నెలలు, పేపర్లో ఎవరి పేర్లు ఏ వరసలో, రైతుల వివరాలు ఎవరు తీసేస్తారు అన్న మూడూ సోమవారం తనే వెళ్లి గైడ్‌ను అడుగుతుంది. మీరు కూడా వెళ్లొద్దు. ఆ తర్వాత ఇంకా అనుమానం మిగిలితే నాకు రాయండి, ఈసారి అమ్మాయి చేత రాయించండి.