బోర్డు అడుగున చేర్యాల బొమ్మ

ప్రశ్న: మా తమ్ముడి స్కేట్‌బోర్డు హనుమకొండ రోడ్ల మీద చిన్న రాయి తగిలినా ఆగిపోతోంది, వాడు బోర్లా పడుతున్నాడు. పైగా అడుగున చేర్యాల బొమ్మ (తెలంగాణలోని చేర్యాల ఊరి సంప్రదాయ చిత్రం) వేయిస్తాడట. నిలుస్తుందా?

జవాబు: ముందు చక్రాలు మార్చండి. చక్రం గట్టిదనాన్ని అంకెతో చెబుతారు: 99ఎ లాంటి గట్టివి నున్నటి స్కేట్ పార్కులకు; మన రోడ్లకు 78ఎ దగ్గరి మెత్తవి, కాస్త పెద్దవి తీసుకుంటే చిన్న రాళ్లు దాటేస్తాయి. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వకండి. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట రాళ్ల మీద మాత్రం బోర్డు తొక్కనివ్వద్దు, అవి రక్షిత కట్టడాలు.

ఇక బొమ్మ. చేర్యాల నకాషీలు, అంటే ఈ బొమ్మలు వేసే కళాకారులు, చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసిన ఖద్దరు గుడ్డ మీద వేస్తారు, చెక్క సంగతి వేరు కాబట్టి యాక్రిలిక్‌తో వేయించి వార్నిష్ పూయించండి. అయినా గట్ల మీద బోర్డు జారిస్తే నడుమ భాగం గీసుకుపోతుంది. చేర్యాల బొమ్మల వెనక ఉండే ఆ ఎర్ర రంగు మీద గీతలు నాకైతే బాగానే ఉంటాయి, బొమ్మ వేసినాయన ఏమంటాడో మరి!